స్వింగ్ ఆర్మ్ బోల్టు తుప్పుతో పట్టేసింది: నట్టు ఊడింది, బోల్టు మాత్రం రావడం లేదు

ప్రశ్న – కాకినాడ రైడర్

పదేళ్లు దాటిన 100 సీసీ మోటారు సైకిలుకు వెనక స్వింగ్ ఆర్మ్ బుష్‌లు మార్చే పని పెట్టుకున్నాను (స్వింగ్ ఆర్మ్ అంటే వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపి పైకీ కిందికీ ఊగే చేయి, బుష్ అంటే అది ఊగే చోట ఉండే రబ్బరు ఉన్న గొట్టం). బండి రోజూ కాకినాడ, ఉప్పాడల మధ్య బీచ్ రోడ్డు మీద తిరుగుతుంది. సముద్రం పోటు మీద ఉన్న రోజుల్లో అలలు గట్టున పోసిన రాళ్లను కొట్టి రోడ్డు మీదికి చిమ్ముతాయి కాబట్టి, ఎంత కడిగించినా బండి అడుగు భాగంలో ఉప్పు మిగిలిపోతూనే ఉంటుంది. కొద్ది నెలలుగా మలుపుల్లో వెనక భాగం పక్కకు జరిగినట్లు అనిపిస్తోంది. సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే స్వింగ్ ఆర్మ్ ఫ్రేమ్ దగ్గరే కదులుతున్నట్లు తెలుస్తోంది. చక్రం బేరింగులు బాగానే ఉన్నాయి.

చక్రం, చైను, సైలెన్సరు, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు అన్నీ విప్పాను. స్వింగ్ ఆర్మ్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే పొడవాటి బోల్టుకు నట్టు కూడా 17 నంబరు రింగ్ స్పానరుతో పెద్దగా ఇబ్బంది లేకుండానే ఊడింది. బోల్టు 12 మి.మీ. లావు, జానెడుకు కొంచెం తక్కువ పొడవు. మర ఉన్న వైపు నుంచి ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టినా అది వెంట్రుక వాసి కూడా కదలడం లేదు. రెండు చివరలా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసినా మార్పు లేదు. తల మీద స్పానరు వేసి బలంగా తిప్పితే కొద్దిగా తిరుగుతుంది గానీ, చెయ్యి వదలగానే మళ్లీ మొదటి చోటికే వచ్చేస్తుంది.

మా వీధి మెకానిక్ గ్యాసుతో కోసేస్తే పని అయిపోతుందంటున్నారు. ఫ్రేము చెవులు (బోల్టు దూరే రంధ్రాలున్న పలకలు) రేకుతో చేసినవి కాబట్టి అవి కాలి వంగిపోతాయేమోనని నాకు సందేహంగా ఉంది. ఫ్రేము దెబ్బ తినకుండా ఈ బోల్టును బయటికి తీసే పద్ధతి ఉంటే, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – పాత మెకానిక్, గాజువాక

మీరు చివర్లో రాసిన వాక్యంలోనే రోగం ఏమిటో ఉంది. తిప్పితే తిరిగి, వదిలితే వెనక్కి వస్తున్నదంటే బోల్టు ఫ్రేము చెవుల్లో పట్టుకోలేదు, బుష్ లోపలి ఇనుప గొట్టంలో పట్టుకుంది. ఆ గొట్టానికి చుట్టూ రబ్బరు, ఆ రబ్బరుకు పైన ఇంకో ఇనుప గొట్టం ఉంటాయి. మీరు తిప్పుతున్నప్పుడు బోల్టు, లోపలి గొట్టం కలిసి తిరుగుతున్నాయి, మధ్యలో రబ్బరు మెలి పడుతోంది, వదలగానే అదే వెనక్కి లాగుతోంది.

బోల్టు ఎక్కడ పట్టుకుందో తేల్చుకోకుండా ఎంత స్ప్రే కొట్టినా డబ్బు దండగే. నట్టు తీసేశాక తల తిప్పి చూస్తే మూడు రకాలుగా కనిపిస్తుంది. అసలు తిరగకపోతే అది ఫ్రేము చెవిలోని రంధ్రంలో తుప్పు పట్టి ఉంటుంది, ఆయిలుకు, వేడికి అన్నిటికంటే తేలిగ్గా లొంగేది ఇదే. మీ బండి లాగా స్ప్రింగులా వెనక్కి వస్తే లోపలి గొట్టంలో పట్టుకుంది. ఆగకుండా గిరగిరా తిరుగుతూ బయటికి మాత్రం రాకపోతే, రబ్బరు అంటు విడిపోయి గొట్టంతో సహా తిరుగుతూ ఉండవచ్చు, లేదా లోపల బోల్టు వంగి ఉండవచ్చు. ఫ్రేము చెవికీ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసి, గొట్టం అంచు మీద పెయింటుతో చిన్న గీత గీసి, ఇంకొకరి చేత తల తిప్పించండి. గీత కూడా కదిలితే సందేహం లేదు.

స్ప్రే ఎందుకు పని చేయలేదంటే, మీరు కొట్టింది తల దగ్గర, మర దగ్గర. ఆయిలు వెళ్లవలసింది గొట్టం అంచు లోపలికి. బ్యాటరీ తీసేసి, పెట్రోలు ఖాళీ చేసి, బండిని పాత టైరు మీద పక్కకు పడుకోబెట్టి, ఆ సందులో నుంచి గొట్టం అంచు తడిసేలా పోయండి. మర్నాడు రెండో పక్కకు తిప్పండి. తొందర పడవద్దు, నాలుగైదు రోజులు అలాగే సాగనివ్వండి.

కొట్టేటప్పుడు నట్టును బోల్టు చివరతో సమానంగా వచ్చేదాకా తిరిగి ఎక్కించాలి, లేకపోతే చివర గొడుగులా విచ్చుకుని, తరువాత చెవి రంధ్రంలో నుంచి దూరదు. చిన్న సుత్తితో వంద దెబ్బలు కొట్టడం కంటే రెండు కిలోల సుత్తితో నిండుగా నాలుగు దెబ్బలు కొట్టడం మేలు. తల ఉన్న వైపు చెవికి, బోల్టు తలను తాకకుండా చుట్టూ ఆనేలా ఒక బరువైన ఇనుప గొట్టాన్ని ఇంకొకరు ఆనించి పట్టుకోవాలి. అలా ఆనిక లేకుండా కొడితే దెబ్బలో సగం చెవిని వంచడానికే పోతుంది. బండి సెంటర్ స్టాండు మీద మాత్రమే ఉంటే కొట్టే ఊపుకు పడిపోతుంది కాబట్టి, ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టండి.

ఇవన్నీ చేసినా రాకపోతే గ్యాసు తప్పదని నా అభిప్రాయం.

కాకినాడ రైడర్

మీరు చెప్పినట్లు గీత పెట్టి చూశాను. తలతో పాటు గీత కూడా కదులుతోంది, రెండు వైపులా అంతే. బండిని పడుకోబెట్టి ఆయిలు పోయడం మొదలుపెట్టాను. గ్యాసు విషయంలో మాత్రం నాకింకా ధైర్యం చాలడం లేదు. వేడి చేస్తే పట్టు వదులుతుందని అందరూ అంటారు గదా, మధ్యలో రబ్బరు ఉన్నప్పుడు కూడా అది పని చేస్తుందా?

జవాబు – వర్క్‌షాప్ లెక్చరర్, వరంగల్

మీ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పడం మంచిది. ఉక్కు ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు తన కొలతలో పది లక్షల వంతులలో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 12 మి.మీ. రంధ్రం ఉన్న భాగాన్ని, లోపలి బోల్టు కంటే 200 డిగ్రీలు ఎక్కువ వేడి చేయగలిగితే, రంధ్రం దాదాపు 0.03 మి.మీ. పెద్దదవుతుంది. ఇది చిన్న సంఖ్యలా కనిపించినా తుప్పు పొరను చిట్లించడానికి చాలా సందర్భాల్లో సరిపోతుంది. అయితే వేడి బయటి భాగానికే తగిలి బోల్టు చల్లగా ఉండాలన్నదే ఇక్కడి షరతు. రెండూ ఒకేలా వేడెక్కితే రెండూ ఒకేలా పెరుగుతాయి, వాటి మధ్య సందు దాదాపు మారదు.

ఫ్రేము చెవిలో పట్టుకున్న బోల్టుకు ఈ షరతు తేలిగ్గా నెరవేరుతుంది, ఎందుకంటే మంట నేరుగా చెవికే పెట్టవచ్చు. మీ బండిలో వేడెక్కవలసినది లోపలి గొట్టం. దాని చుట్టూ ఉన్న రబ్బరు వేడిని లోపలికి పోనివ్వదు. స్వింగ్ ఆర్మ్‌ను బయటి నుంచి కాలిస్తే ముందుగా రబ్బరు కాలి పొగ వస్తుంది, అది మంటగా కూడా మారవచ్చు, గొట్టం వేడెక్కే సమయానికి బోల్టు కూడా వేడెక్కి ఉంటుంది. కాబట్టి మీ విషయంలో స్వింగ్ ఆర్మ్‌కు మంట పెట్టడం వలన ఖర్చే తప్ప ఫలితం తక్కువ.

వేడిని వాడదలచుకుంటే తలకిందులుగా వాడవచ్చు. బోల్టు తలను, మర చివరను మాత్రమే బాగా కాల్చి, గాలికి చల్లారనివ్వాలి. వేడెక్కినప్పుడు బోల్టు ఉబ్బి తుప్పు పొరను నలుపుతుంది, చల్లారినప్పుడు ముడుచుకుని సన్నని సందు వదులుతుంది, ఆ సందులోకి ఆయిలు పాకుతుంది. కాకపోతే ఇది రెండు చివరల దగ్గర పని చేసినంతగా జానెడు పొడవు బోల్టు నడిమి భాగంలో పని చేయదు. అలా కాల్చిన బోల్టును మళ్లీ వాడరాదు. 8.8 తరగతి (ఇది బోల్టు బలాన్ని తెలిపే గుర్తు) బోల్టులకు బలం వచ్చేది గట్టిపరచి, తరువాత కనీసం 425 డిగ్రీల దగ్గర మళ్లీ వేడి చేసి పదును సరిచేయడం వల్లనే కాబట్టి, అంతకు మించి వేడి చేస్తే ఆ బలం పోతుంది.

ఉప్పు గాలిలో ఇంత గట్టిగా ఎందుకు పడుతుందన్న దానికీ ఒక కారణం ఉంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. బోల్టుకూ గొట్టానికీ మధ్య ఉన్న సన్నని సందులో దానికి పెరగడానికి చోటు లేక, రెండింటినీ కలిపి బిగిస్తుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఆ సందును వాన లేని రోజుల్లో కూడా తడిగా ఉంచుతుంది. పైగా రబ్బరు బుష్ ఉన్న స్వింగ్ ఆర్మ్ పైకీ కిందికీ ఊగేటప్పుడు బోల్టు మీద ఏదీ జారదు, రబ్బరే మెలి పడుతుంది. అందువల్ల ఆ బోల్టు ఫ్యాక్టరీలో బిగించిన నాటి నుంచి కదలకుండా ఉండిపోయి ఉండవచ్చు, బండి మామూలుగా నడుస్తున్నందున ఎవరికీ అనుమానమూ రాదు.

మంట వాడేవారు ముందుగా పెట్రోలు ట్యాంకును, కార్బురేటరుకు వెళ్లే గొట్టాన్ని బండి నుంచి పూర్తిగా తీసి దూరంగా పెట్టాలి. పెట్రోలు ఖాళీ చేసిన ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. కొన్ని బ్రేక్ క్లీనర్ స్ప్రేలలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి, అవి తడిగా ఉన్న చోట మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. జింకు పూత ఉన్న బోల్టును కాల్చినప్పుడు వచ్చే తెల్లటి పొగ కూడా పీల్చదగినది కాదు.

జవాబు – డెట్రాయిట్ తెలుగు

నేను మిషిగన్‌లో ఉంటాను. ఇక్కడ శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, ఈ బోల్టు సమస్య మాకు కార్లలో నిత్యం ఎదురవుతుంది. కారు సస్పెన్షన్‌లోని కంట్రోల్ ఆర్మ్ బుష్ కూడా సరిగ్గా మీ స్వింగ్ ఆర్మ్ బుష్ లాంటిదే, లోపల ఇనుప గొట్టం, చుట్టూ రబ్బరు. వెనక చక్రాల అలైన్‌మెంట్ సరిచేసే బోల్టులు ఆ గొట్టంలో పట్టేసి, అలైన్‌మెంట్ షాపువారు చేతులెత్తేయడం ఇక్కడ మామూలు విషయం.

ఇలాంటి చోట గాలి గన్ను, అంటే ఇంపాక్ట్ రెంచి, పెద్దగా ఉపయోగపడదు. అది ఇచ్చే కుదుపును రబ్బరు మింగేస్తుంది, తుప్పు దాకా చేరనివ్వదు. మరలో పట్టుకున్న నట్టుకు అద్భుతంగా పని చేసే పరికరం ఇక్కడ తేలిపోవడానికి అదే కారణం. సుత్తి దెబ్బ బోల్టు పొడవు వెంట తగులుతుంది కాబట్టి కొంత మెరుగు గానీ, రబ్బరు ఆ దిశలో కూడా కొంత సాగుతుంది. బరువైన బిగింపు క్లాంపుతో మర చివరను లోపలికి నొక్కి ఉంచి, ఆ ఒత్తిడి మీద ఉండగానే దెబ్బ వేస్తే, రబ్బరు ముందే సాగి ఉంటుంది కాబట్టి దెబ్బ బలం ఎక్కువగా తుప్పు మీదికి పోతుంది. క్లాంపు రెండో దవడ కింద, బోల్టు తల దూరేంత పెద్ద సాకెట్టును చెవికి ఆనించి పెట్టాలి.

అది కూడా కాకపోతే మేము చేసేది కోయడమే, గ్యాసుతో కాకుండా రంపంతో. బుష్‌లు ఎలాగూ పారేసేవే, బోల్టు కూడా పారేసేదే. ఫ్రేము, స్వింగ్ ఆర్మ్ అనే రెండింటినీ కాపాడుకుంటే చాలు. ఫ్రేము చెవికీ బుష్‌కీ మధ్య ఉన్న సందులో, రెండు వైపులా, లోపలి గొట్టాన్ని, దానిలో ఉన్న బోల్టును కలిపి కోసేస్తే స్వింగ్ ఆర్మ్ మొత్తం బయటికి వచ్చేస్తుంది. చెవుల్లో మిగిలిన చిన్న ముక్కలు పట్టుకుని ఉండవు, ఉన్నా సుత్తితో ఒక్క దెబ్బకు వచ్చేస్తాయి. నా దగ్గర కరెంటు రంపం ఉంది, మీకు అది దొరకకపోతే హ్యాక్సా బ్లేడు చాలు. సందు సన్నగా ఉంటే రంపం ఫ్రేములో బిగించకుండా బ్లేడును ఒట్టిగా తీసుకుని, చేత్తో పట్టుకునే వైపు గుడ్డ చుట్టండి. బైమెటల్ రకం, అంగుళానికి 24 పళ్లు ఉన్న బ్లేడు తెచ్చుకోండి. మామూలు బ్లేడు వంచితే ఠక్కున విరిగి కళ్లలోకి ఎగురుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. నిదానంగా, ఆయిలు చుక్కలు వేస్తూ కోయాలి. పని విసుగ్గానే ఉంటుంది గానీ ఫ్రేము రంగు కూడా చెడదు.

కోయడానికి ముందే కొత్త బోల్టు, నట్టు, బుష్‌లు కొని చేతిలో పెట్టుకోండి. కోసిన తరువాత ఆ పొడవు బోల్టు దొరకలేదని తెలిస్తే బండి ముక్కలుగా మూలన పడి ఉంటుంది.

తుప్పు స్ప్రేల గురించి కూడా ఒక మాట. అందరూ వాడే డబ్ల్యూడీ-40ని 1950ల్లో అమెరికాలోని శాన్ డియాగోలో లోహాన్ని తేమ నుంచి కాపాడటానికి తయారు చేశారు. తుప్పు సందుల్లోకి పాకడమే పనిగా చేసిన ఆయిళ్లు వేరే ఉన్నాయి. ఇంట్లోనే ఆటోమేటిక్ గేరు ఆయిలు, అసిటోన్ సమపాళ్లలో కలిపి వాడేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అది నిజంగానే పాకుతుంది, కానీ రెండూ విడిపోతాయి కాబట్టి ప్రతిసారీ కలియబెట్టాలి. రంగును, ప్లాస్టిక్కును తినేస్తుంది. అది వాడిన చోట మంట దగ్గరికి రానివ్వకూడదు.

పాత మెకానిక్, గాజువాక

రంపం మాట వాస్తవమే, సందు ఉన్న బండికి దాన్ని మించినది లేదు. మా దగ్గరకు వచ్చే బండ్లలో కొన్నిటికి దుమ్ము పడకుండా పెట్టిన మూతలు ఆ సందును పూర్తిగా మూసేసి ఉంటాయి. స్క్రూ డ్రైవరుతో వాటిని చీల్చి తీస్తే బ్లేడు పట్టేంత చోటు వస్తుంది. అప్పటికీ రాని బండికే గ్యాసు అనుకోండి. కోసేటప్పుడు బ్లేడును చెవి వైపు ఒరగనివ్వకుండా, బుష్ వైపు ఒరిగేలా పట్టుకోండి. గీత పడితే పారేసే వస్తువు మీదే పడాలి.

స్వింగ్ ఆర్మ్ బయటికి వచ్చాక బుష్‌ను ఇంట్లో కొట్టకండి. లేత్ షాపుకు తీసుకువెళితే ప్రెస్సు మీద పెట్టి తీసేస్తారు, కొత్తది కూడా అక్కడే వంకర లేకుండా ఎక్కిస్తారు. రబ్బరు ఊడి బయటి గొట్టం మాత్రం లోపలే ఉండిపోతే, దాన్ని బ్లేడుతో నిలువుగా ఒక చోట చీల్చి, సన్న ఉలితో లోపలికి ముడిస్తే వచ్చేస్తుంది, అక్కడ కూడా స్వింగ్ ఆర్మ్ గొట్టానికి కోత పడకుండా చూసుకోవాలి.

కాకినాడ రైడర్

ఆయిలు, క్లాంపు, సుత్తి మూడూ కలిపి ప్రయత్నించినా బోల్టు కదలలేదు కాబట్టి చివరికి బైమెటల్ బ్లేడుతోనే కోశాను. ఎడమ వైపు మూత తీసేసరికి సందు సరిపోయింది, కుడి వైపు చైను స్ప్రాకెట్ అడ్డు లేనందున ఇంకా తేలికైంది. ఫ్రేము చెవులకు ఏమీ కాలేదు. బయటికి వచ్చిన మధ్య ముక్కను లేత్ షాపులో నిలువునా కోయించి చూశాను. రెండు చివరలా అంగుళం మేర బోల్టు, గొట్టం విడివిడిగా గుర్తు పట్టలేనంతగా ఎర్రటి గట్టి పొరతో అతుక్కుని ఉన్నాయి, మధ్య భాగంలో ఫ్యాక్టరీ పూత ఇంకా మెరుస్తూనే ఉంది.

కొత్త బుష్‌లు ఎక్కించారు. బిగించేటప్పుడు మళ్లీ ఇలా పట్టకుండా ఉండాలంటే గ్రీజు పూయవచ్చా? మరకు గ్రీజు తగలకూడదని కొందరు, తగలాలని కొందరు అంటున్నారు.

జవాబు – వర్క్‌షాప్ లెక్చరర్, వరంగల్

చివరల్లోనే తుప్పు ఉండటం సహజం, నీరు వచ్చే దారి అదే కాబట్టి. అందువల్ల గ్రీజు కూడా అక్కడే ఎక్కువ అవసరం. ముందుగా చెవుల రంధ్రాలను ఎమెరీ కాగితంతో శుభ్రం చేయండి. బోల్టు ఒంటి మీద, గొట్టం లోపల, గొట్టం అంచులు చెవులకు ఆనే చోట కాపరు యాంటీ సీజ్ పేస్టు (లోహాలు పట్టేయకుండా పూసేది) గానీ, అది దొరకకపోతే నీటికి కరగని మామూలు లిథియం గ్రీజు గానీ పలుచగా పూయండి. రబ్బరుకు మాత్రం అంటనివ్వకండి, పెట్రోలియం గ్రీజు సహజ రబ్బరును ఉబ్బేలా చేస్తుంది.

మర విషయంలో ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. బండి మాన్యువల్‌లో ఇచ్చే బిగింపు లెక్క (టార్క్, అంటే తిప్పే బలం), ప్రత్యేకంగా చెప్పకపోతే, శుభ్రమైన పొడి మరను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినదే. మరకు గ్రీజు ఉంటే ఒరిపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువగా సాగుతుంది. ఇక్కడ తుప్పు పట్టి ఇబ్బంది పెట్టింది బోల్టు ఒళ్లే గాని మర కాదు కాబట్టి, మరను గుడ్డతో తుడిచి పొడిగా ఉంచి, మాన్యువల్ లెక్క ప్రకారం టార్క్ రెంచితో బిగించడం అన్నిటికంటే సురక్షితం. బిగించిన తరువాత బయటికి కనిపించే మర మీద గ్రీజు పూసుకోవచ్చు. నట్టు నైలాన్ వలయం ఉన్న రకమైతే పాతది వాడకుండా కొత్తది వేయండి.

చాలామంది వదిలేసే విషయం ఇంకొకటి ఉంది. ఈ బోల్టును బిగించినప్పుడు లోపలి గొట్టం రెండు చెవుల మధ్య నొక్కుకుని కదలకుండా అయిపోతుంది, అక్కడి నుంచి కదలిక అంతా రబ్బరులోనే జరుగుతుంది. సెంటర్ స్టాండు మీద, స్వింగ్ ఆర్మ్ కిందికి వేలాడుతూ ఉన్నప్పుడు బిగిస్తే, మీరు బండి ఎక్కగానే రబ్బరు ఒక పక్కకు మెలి తిరిగి ఉంటుంది, ఎప్పుడూ ఆ మెలికతోనే నడుస్తుంది, కొత్త బుష్ కొద్ది కాలానికే చిరిగిపోతుంది. కాబట్టి ముందు నట్టును చేత్తో పట్టించి, షాక్ అబ్జార్బర్లు, చక్రం అన్నీ అమర్చి, బండిని నేల మీదికి దించి, ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి, అప్పుడు చివరి బిగింపు ఇవ్వండి. చైను బిగువును కూడా ఆ తరువాతే సరిచూడాలి.